మాట చెప్పకుండా నేర్పే పజిల్: మీ మొదటి తోపుడు ఆట ఎలా తయారు చేయాలి

ముందు ఒక గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు, ఒక రూపాయి బిళ్ల, నాలుగు చింతపిక్కలు దగ్గర పెట్టుకోండి. మనం తయారు చేసేది పెట్టెల్ని తోసి చోటు చేర్చే పజిల్ ఆట, అందులో ఒక్కో పజిల్‌ను గది అంటాను. కంప్యూటర్ పని తర్వాత వస్తుంది. పజిల్ పుట్టేది కాగితం మీదే.

వీడియో గేమ్‌లలో నాకు పజిల్ ఆటలంటే ప్రాణం. కాల్పులు, పరుగులు ఉన్న ఆటల్లో వేళ్ల వేగం గెలుస్తుంది. పజిల్‌లో చేతులు కట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చుంటాం. పది నిమిషాలు ఏమీ తోచదు. ఉన్నట్టుండి దారి కనిపిస్తుంది. తెర మీద ఒక్క చుక్క కూడా కదల్లేదు, కానీ ఇందాకటి గది కాదది. ఆ క్షణం కోసమే నేను ఆడతాను. దాన్ని ఇంకొకరి కోసం మన చేత్తో తయారు చేయొచ్చని తెలిశాక, ఆడటం కంటే తయారు చేయడమే ఎక్కువ నచ్చింది.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. పొడుపుకథలు చేసే పనీ ఇదే. “కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు” అని అమ్మమ్మ అడిగితే ఇల్లంతా వెతికాం. కనురెప్పలు అని చెప్పగానే, ఇంతసేపూ ఆ తలుపులు తీస్తూ మూస్తూనే వెతికామని నవ్వొచ్చింది. జవాబుకు కావలసినదంతా ప్రశ్నలోనే ఉంది. మీరు గీసే ప్రతి గదికీ ఈ కొలతే పెట్టుకోండి. జవాబు తెలిశాక “ఇది మోసం” అనిపిస్తే గది చెడినట్టు. “కళ్ల ముందే ఉంది కదా” అనిపిస్తే కుదిరినట్టు.

నేను ఈ సంగతి నేర్చుకున్న తీరు చెబుతాను, మీకు పనికొస్తుంది. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఊరి పొలిమేర దాటితే ఆంధ్రా. సెలవులకు మా ఇంట్లో పిల్లలు చేరతారు. గుణుపురం నుంచి వచ్చే మా అక్క కూతురు ఒడియా బడిలో చదువుతుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. పాతపట్నం నుంచి వచ్చే తమ్ముడి కొడుక్కి తెలుగు చదవడం వచ్చు, ఒడియాలో ఒక్క అక్షరం రాదు. నా మొదటి ఆటలో తెర మీద తెలుగులో సూచనలు రాశాను: పెట్టెను తోయొచ్చు, లాగలేరు, రెండు పెట్టెలు ఒకేసారి కదలవు. మేనకోడలు నా మొహం చూసింది. ఒడియాలో మార్చి రాస్తే వాడు నా మొహం చూశాడు. మూడోసారి సూచనలన్నీ తీసేసి, వాటి బదులు రెండు చిన్న గదులు గీశాను. ఇద్దరూ నా మొహం చూడకుండా ఆడారు.

గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు మాది. సవర అనే గిరిజన తెగ పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చుకుని, వాళ్ల కోసం పుస్తకాలు తయారు చేశారు. నేర్చుకునేవాడి భాషలోకి నేర్పేవాడే వెళ్లాలన్నది ఈ ఊళ్లో పెరిగినవాళ్లకు చిన్నప్పుడే చెవిన పడే మాట. పజిల్ ఆటకు గోడ, గడి, అడుగు ఇవే అక్షరాలు. ఈ అక్షరాలు ఏ బడి పిల్లలైనా చదవగలరు. ఇక్కడ చెప్పే అడుగులన్నీ ఆ పద్ధతిలోనివే: తెర మీద ఒక్క మాట రాయకుండా ఆట నేర్పడం.

మొదట, ఒక్క నియమం ఎంచుకోండి

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తాళాలు, మీటలు, మంత్రాలు, నీళ్లు, నిప్పు అన్నీ ఒకే ఆటలో పెడతారు. వద్దు. ఒక్క నియమం చాలు. దాన్ని పిండితే ఎంత రసం వస్తుందో చూడండి.

నా సలహా తోపుడు ఆట. దీనికి మూలం జపాన్‌లో 1981లో హిరోయుకి ఇమాబయాషి తయారు చేసిన ‘సోకోబాన్’. మరుసటి ఏడు థింకింగ్ రాబిట్ సంస్థ దాన్ని విడుదల చేసింది. ఆ పేరుకు గోదాము కాపలాదారు అని అర్థం. మనిషి నాలుగు దిక్కులకూ నడుస్తాడు. ఎదురుగా పెట్టె ఉంటే ఒక గడి ముందుకు తోస్తాడు. లాగలేడు. ఆ పెట్టెకు అవతల ఇంకో పెట్టె గానీ గోడ గానీ ఉంటే తోయలేడు. పెట్టెలన్నీ గుర్తు పెట్టిన గళ్ల మీదికి చేరితే గెలుపు.

ఇందులో ప్రాణం ‘లాగలేడు’ అన్న చోట ఉంది. లాగగలిగితే చేసిన తప్పును వెనక్కి తీసుకోవచ్చు, అప్పుడు ఆటే ఉండదు. లాగలేడు కాబట్టి మూలకు చేరిన పెట్టె ఇక మూలదే. ఇంత చిన్న నియమం నుంచి ఎంత లోతు వచ్చిందంటే, ఇలాంటి గదుల్ని పరిష్కరించడం కంప్యూటర్లకు కూడా మహా కష్టమైన లెక్కల కోవలోకి వస్తుందని 1997లో జోసెఫ్ కల్బర్సన్ గణితంతో నిరూపించాడు. మీరు నియమం వెతుక్కునేటప్పుడు కూడా మనిషికి ఏ బలం ఇవ్వాలన్నది పక్కన పెట్టి, ఏ పని చేయలేకుండా ఆపాలో ఆలోచించండి.

నేర్పే గదులు రెండు

నోటుపుస్తకంలో ఒకే వరుసలో అయిదు గళ్లు గీయండి. చుట్టూ గోడ. ఎడమ చివర రూపాయి బిళ్ల, అది మనిషి. మూడో గడిలో చింతపిక్క, అది పెట్టె. అయిదో గడిలో పెన్సిలుతో చిన్న గుండ్రం, అది చేరాల్సిన చోటు. ఇక్కడ ఆటగాడు చేయగలిగింది ఒక్కటే, కుడివైపు నడవడం. నడిస్తే పిక్క కదులుతుంది, గుండ్రం మీదికి చేరుతుంది, గది ముగుస్తుంది. ఇందులో బుర్రకు పనేమీ లేదు. లేకపోవడమే కావాలి. ఆటగాడు తప్పు చేసే వీలు లేని చోట నియమం చూపించాం.

2016లో వచ్చిన ‘ది విట్‌నెస్’ అనే వీడియో గేమ్ ఇలాగే మొదలవుతుంది. మొదటి పలక మీద తిన్నటి గీత గీస్తే చాలు, తర్వాతి దానికి ఒక మలుపు. ఎక్కడా సూచన లేదు. 2007 నాటి ‘పోర్టల్’ ఆటలో కూడా, ఒకదాంట్లో దూరితే రెండోదాంట్లోంచి బయటపడే రెండు ద్వారాలు తెరిచే తుపాకి ముందే చేతికి రాదు. కొంతసేపు ఒక్క నీలి ద్వారమే మన చేతిలో ఉంటుంది, రెండోది ఆట ఎక్కడో పెట్టి ఉంచుతుంది. సగం శక్తికి అలవాటు పడ్డాక మిగతా సగం ఇస్తారు.

రెండో గది అడ్డంగా అయిదు గళ్లు, నిలువుగా మూడు గళ్లు. మధ్య వరుసలో ఎడమ చివర బిళ్ల, రెండో గడిలో గుండ్రం, మూడో గడిలో పిక్క పెట్టండి. చూడగానే ఎవరైనా మొదటి గదిలో లాగే కుడికి నడుస్తారు. పిక్క దూరమవుతుంది. అప్పుడు ఎడమకు నడుస్తారు, పిక్క వెంట రాదు. మా మేనకోడలు ఇక్కడే “ఇదేటి మావయ్యా, లాగితే రాదేటి?” అంది. సూచనల్లో మూడు వాక్యాలు రాసి చెప్పలేకపోయింది ఆ గది ఒక్క అడుగులో చెప్పేసింది. తర్వాత పై వరుస గుండా తిరిగి పిక్కకు కుడివైపు చేరి, ఎడమకు రెండు తోపులు తోసింది.

తొందరపడి కుడి గోడ దాకా తోసేసినవాళ్లకు ఇంకో పాఠం దొరుకుతుంది: గోడకు ఆనిన పెట్టె ఆ గోడను వదలదు. రెండో గదిలో ఓడిపోయే వీలు ఉండాలి, కానీ ఎందుకు ఓడిపోయామో చూసిన వెంటనే అర్థం కావాలి. పది అడుగుల కింద చేసిన తప్పు ఇప్పుడు బయటపడేలా గది గీయడం తర్వాత, ఆటగాడు మిమ్మల్ని నమ్మాక.

అసలు గది

ఇప్పుడు మూడోది. అందరికీ చూపించాలని నేను ఉబలాటపడే గది ఇదే, కాబట్టి నెమ్మదిగా గీయండి.

ఎడమవైపు మూడు గళ్లకు మూడు గళ్ల చదరపు గది. దాని మధ్య వరుసకు కుడివైపు తలుపులా తెరిచి, మూడు గళ్ల పొడవున ఇరుకు సందు. సందులో ఒక్కరికే చోటు, పక్క నుంచి తప్పుకుని పోలేరు. సందు మొదటి గడిలో ఒక గుండ్రం, దాని మీద అప్పటికే ఒక పిక్క. సందు చివరి గడిలో రెండో గుండ్రం, ఖాళీగా. రెండో పిక్క చదరపు గది నట్టనడుమ. బిళ్ల మధ్య వరుసలో, ఎడమ గోడ పక్కన.

చదవడం ఆపి కాసేపు ఆడండి.

చూడగానే మనసు చెప్పేది ఇది: ఒక పెట్టె చోటు చేరిపోయింది, ఇంకొకటి మిగిలింది, దాన్ని ఖాళీ గుండ్రానికి చేర్చాలి. దారిలో మొదటి పెట్టె అడ్డం. దాటించడం ఎలా? ఎలాగా కుదరదు. బిళ్లను ముందుకు నడిపి నడుమనున్న పిక్కను సందు ముఖానికి తోస్తే రెండు పిక్కలూ ఆనుకుని బిగుసుకుపోతాయి, ఆట అయిపోతుంది. జవాబు ఏమిటంటే, చోటు చేరిందనుకున్న పెట్టెనే కదపాలి. నడుమనున్న పిక్కను ముట్టుకోకుండా పై వరుస గుండా చుట్టి వచ్చి, సందు ముఖం దగ్గర నిలబడి, అక్కడున్న పిక్కను రెండు గళ్లు లోపలికి తోయాలి. అది చివరి గుండ్రానికి చేరుతుంది. వెనక్కి వచ్చి రెండో పిక్కను ఖాళీ అయిన గుండ్రానికి తోస్తే ముగిసింది.

ఈ గదిలో కొత్త నియమం ఒక్కటీ లేదు. ఏ పెట్టె ఏ గుండ్రానిదో ఆట ఎక్కడా చెప్పలేదు. గుండ్రం మీద కూర్చున్న పిక్కను చూసి “దీని పని అయిపోయింది” అని తీర్మానించుకున్నది మనమే. పజిల్ అందం ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం. తయారుచేసేవాడు ఏమీ దాచడు, ఆటగాడు ఏం ఊహించుకుంటాడో దాన్ని ముందే ఊహిస్తాడు. పులి-మేక ఆడేటప్పుడు ఎదుటివాడు ఎదురుగా కూర్చుని ఎత్తుకు పైఎత్తు వేస్తాడు. ఇక్కడ ఎదుటివాడు తన ఎత్తులన్నీ ముందే వేసి లేచి వెళ్లిపోయాడు, పైగా మనం గెలవాలని కోరుకుంటూ వెళ్లాడు.

ఇలాంటి గది సొంతంగా గీయాలంటే పనిని వెనక నుంచి మొదలుపెట్టండి. ఆటగాడి తప్పు నమ్మకం ఒకటి కాగితం పైన రాసుకోండి: “చేరిన పెట్టెను కదపకూడదు”, “దగ్గరి పెట్టెను ముందు తోయాలి”, “పెట్టెను గుర్తు వైపే తోయాలి”. ఆ నమ్మకంతో ఆడితే కచ్చితంగా బిగుసుకుపోయేలా గోడలు పెట్టండి. తర్వాత ఒక్కో గడి తీసేస్తూ రండి. ఏ గడి తీసినా జవాబు మారకపోతే ఆ గడి అక్కర్లేదు. నా మూడో గది మొదట ఏడు వరుసలు ఉండేది, రబ్బరే దాన్ని బాగు చేసింది. పెద్ద గది చూస్తే ఆటగాడికి ఊరికే టెన్షన్ పుడుతుంది. అందులో సగం అలంకారమని తెలిస్తే తర్వాతి గదిలో దేన్నీ నమ్మడు.

పక్కన కూర్చోండి, నోరు మెదపకండి

అన్నిటికంటే కష్టమైన అడుగు ఇది. కాగితం, బిళ్ల ఒక మనిషి ముందు పెట్టండి. నియమం మాత్రం పిక్కల్ని మీరే కదుపుతూ చూపించండి, ఎందుకంటే కాగితం తనంతట తాను ఆపలేదు. తర్వాత మాట్లాడకూడదు. “అటు కాదు” అనకూడదు, నిట్టూర్చకూడదు, కళ్లతో దారి చూపించకూడదు. పిల్లలు మన కళ్లే చూస్తారు.

ఒక చీటీ మీద మూడు సంగతులు రాసుకోండి. మొదటి తోపు ఎటు తోశారు? ఎక్కడ ఆగి ఆలోచించారు? గెలిచాక మొహం ఎలా ఉంది? మూడోదే ముఖ్యం. గెలిచి “ఓహో!” అంటే సరే. గెలిచి “అయిపోయిందా?” అంటే వాళ్లు గుడ్డిగా తోస్తూ పోయారు, ఎలాగో కుదిరింది. అది మీ గది లోపం, వాళ్లది కాదు. గుడ్డిగా తోస్తే కుదరని చోట ఒక గోడ చేర్చండి.

గుడ్డి ప్రయత్నాన్ని ఆపడానికి నాకు తెలిసిన అత్యంత తెలివైన ఏర్పాటు 2018లో లూకాస్ పోప్ చేసిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’లో ఉంది. ఓడలోని 60 మంది ఎవరెవరో, ఒక్కొక్కరికీ ఏమైందో తేల్చాలి. ఒక్కరి గురించి సరిగ్గా రాసినంత మాత్రాన ఆట ఒప్పుకోదు. ముగ్గురివి సరిపోయాకే, మూడూ కలిపి ఖాయం చేస్తుంది. ఊహతో ఒకటి తగలొచ్చు, మూడు ఒకేసారి తగలడం కష్టం. అందుకని ఆటగాడు నిజంగా ఆలోచించడం మొదలుపెడతాడు.

మీరు అనుకోని దారిలో ఎవరైనా గెలిస్తే కంగారు పడకండి. ఆ దారిని గీసుకోండి. మీ దారి కంటే అందంగా ఉంటే గదిని దానికి తగ్గట్టు మార్చండి. నా నోటుపుస్తకంలో మంచి గదులు కొన్ని ఇలా పిల్లల తప్పుల్లోంచి వచ్చినవే.

కంప్యూటర్‌లోకి మార్చడం

కనీసం ముగ్గురు ఆడాక, గది కుదిరిందని తేలాక ఇక్కడికి రండి. పజిల్ ఆటలు తయారు చేయడానికి స్టీఫెన్ లావెల్ 2013లో బయటపెట్టిన పజిల్‌స్క్రిప్ట్ అనే సాధనం ఉచితం. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. రాయడానికి కంప్యూటర్ ఉంటే సుఖం. ఉదాహరణల్లో తోపుడు ఆట సిద్ధంగా ఉంటుంది, దాన్ని తెరిచి చివరనున్న గదుల్ని చెరిపి మీవి పెట్టండి. గోడకు ఒక గుర్తు, నేలకు చుక్క, మనిషికి ఒక అక్షరం. నోటుపుస్తకంలో గడి ఎక్కడుంటే ఇక్కడ గుర్తు అక్కడే. తోపు నియమం ఒక్క వరుసే: మనిషి పెట్టె వైపు కదిలితే పెట్టె కూడా అటే కదలాలి. బొమ్మలు అయిదు చుక్కలకు అయిదు చుక్కలు మాత్రమే, కాబట్టి బొమ్మల మీద నెల రోజులు పోయే ప్రమాదం లేదు.

గదుల మధ్య సందేశం చూపించే వీలు కూడా ఇచ్చారు. వాడాలని చేయి లాగుతుంది. సందేశం రాయాలనిపించిన ప్రతిసారీ, దాని బదులు ఏ చిన్న గది గీయొచ్చో ఆలోచించండి.

జెడ్ నొక్కితే ఒక అడుగు వెనక్కి, ఆర్ నొక్కితే గది మొదటికి. ఈ రెండూ ఎప్పుడూ తీసేయకండి. వెనక్కి వెళ్లే వీలుంటే ఆట తేలికైపోతుందని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. 2008లో వచ్చిన ‘బ్రెయిడ్’లో చచ్చిపోయినా కాలాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు. అయినా అందులోని పజిళ్లు ముచ్చెమటలు పట్టిస్తాయి. తప్పుకు శిక్ష లేకపోతే పిల్లలు ధైర్యంగా వింత పనులు చేసి చూస్తారు. దారి కనిపించేది అలా చేసినప్పుడే.

గదుల వరుసకు నేను పాటించే పద్ధతి: నేర్పే గది, వాడే గది, తలకిందులు చేసే గది, మధ్యలో ఊపిరి పీల్చుకునే సులువు గది ఒకటి. అన్నీ కలిపి ఎనిమిది దాటనివ్వను. ఈ నియమం పూర్తిగా చేతికొచ్చాక 2019లో వచ్చిన ‘బాబా ఈజ్ యూ’ ఆడి చూడండి. ఫిన్‌లాండ్‌కు చెందిన ఆర్వీ తెయికారి చేసిన ఆట. అందులో నియమాలే మాటల దిమ్మెలుగా నేల మీద ఉంటాయి, వాటినే తోసి నియమం మార్చేయొచ్చు. దానికి ఇంగ్లీషు మాటలు నాలుగు తెలియాలి, అందుకే మా పిల్లల్లో చిన్నవాళ్లకు ఇంకా ఇవ్వలేదు. కానీ తోపుడు నియమం ఒక్కటే ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే దాన్ని మించినది నాకు తెలియదు.

చివరగా ఒక గది ఇస్తున్నాను. ఇది నేను గీసింది కాదు. పోయిన వేసవిలో గుణుపురం తిరిగి వెళ్లే రోజు, రైలుకు టైమ్ అవుతుండగా మా మేనకోడలు గీసి నా చేతిలో పెట్టింది. అడ్డంగా నాలుగు, నిలువుగా అయిదు గళ్ల గది. మధ్య వరుసకు కుడివైపు మూడు గళ్ల సందు. సందు మొదటి గడిలో గుండ్రం, దాని మీద పిక్క. సందు చివరి గడిలో రెండో గుండ్రం, దాని మీద మనిషే నిలబడి ఉన్నాడు, బయటికి దారి లేకుండా. రెండో పిక్క గది మధ్య వరుసలో, ఎడమ నుంచి రెండో గడిలో. దారులు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. నాకు మొదటిది దొరికేసరికి వాళ్ల రైలు గుణుపురం చేరిపోయి ఉంటుంది.